యాక్సిడెంట్ కేసులో సాక్షి పేరు ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఎక్కించాలి: బెజవాడ వకీలు గుమాస్తా చెప్పే వివరం

సాక్షి బోనెక్కగానే బీమా కంపెనీ లాయరు లారీ ఎంత స్పీడులో వచ్చిందని అడగడు. "ఈ సంగతి మీరు ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?" అంటాడు. లేదంటే, "ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరు లేదు కదా?" ఆ తర్వాత చాలా మర్యాదగా, "పిటిషనర్ మీకు ఏమవుతారండీ?" ఈ మూడు ప్రశ్నలు విజయవాడ, గుంటూరు కోర్టుల్లో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మూడింటి వెనక ఉన్న అనుమానం ఒకటే: ఇన్నాళ్ళూ ఎక్కడా కనిపించని పేరు ఇప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడింది?

అందుకే మా ఆఫీసుకి యాక్సిడెంట్ కేసు వచ్చిందంటే కాగితాల కంటే ముందు నేను అడిగేది ఇదే: "చూసినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేరు మొదటిసారి ఏ కాగితంలో పడింది?"

గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసే హమాలీ ఒకాయన ఉండేవాడు. కాజ టోల్‌గేటు దాటాక హైవే పక్కన ఆయన్ని లారీ కొట్టింది. ఎడమ కాలు నుజ్జయింది. అక్కడే టీ కొట్టు నడిపే మనిషి మొత్తం చూశాడు, ఆటో కూడా ఆయనే పిలిచాడు. మంచి సాక్షి. కానీ పోలీసులకి ఆయన పేరు ఎవరూ చెప్పలేదు, చార్జిషీటులో రాలేదు, మేం కూడా జాబితా ఇవ్వకుండా "టైమొచ్చినప్పుడు తీసుకొస్తాంలే" అనుకున్నాం. మూడేళ్ళ తర్వాత వచ్చి చెప్పాడు, నిజమే చెప్పాడు. నమ్మలేదు. తప్పులో సగం హమాలీదేనని తేలి, రావలసిన పరిహారం సగానికి పడిపోయింది. ఆ తప్పు మా ఆఫీసుది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

మొదట ఒక తేడా తెలుసుకోండి

మన జిల్లాల్లో సగం ఇళ్ళకి అమెరికాలో ఒకరు ఉంటారు. "అక్కడైతే సాక్షుల పేర్లన్నీ ముందే ఇచ్చేయాలంట కదా, ఇక్కడ అవతలివాళ్ళు ఎందుకివ్వరు?" అని వాళ్ళు ఫోన్లో అడుగుతుంటారు. నిజమే. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 26వ నిబంధన కింద, తన వాదనకి ఆసరాగా వాడుకోబోయే సమాచారం తెలిసిన మనుషుల పేర్లు, తెలిస్తే చిరునామా, ఫోన్ నంబరు కూడా, అవతలివాళ్ళు అడక్కుండానే ఇచ్చేయాలి. విచారణకి కనీసం 30 రోజుల ముందు సాక్షుల జాబితా ఇవ్వాలి. దాచిపెట్టిన సాక్షిని, సరైన కారణం లేకపోతే, తర్వాత వాడుకోనివ్వరు.

మనకి అంత గట్టి నియమం లేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 16వ ఆర్డరు ఉంది. సమన్లు పంపించి పిలిపించుకోవాల్సిన సాక్షుల జాబితాను, వివాదాంశాలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) ఖరారైన 15 రోజుల్లోపు కోర్టులో దాఖలు చేయాలని అందులో 1వ నిబంధన చెబుతుంది. జాబితా ఇచ్చిన 5 రోజుల్లోపు సమన్ల కోసం దరఖాస్తు పెట్టాలి. ప్రతి సాక్షి ఎందుకు కావాలో ఆ దరఖాస్తులో రాయాలి.

రోడ్డు ప్రమాదాల కేసులు సాధారణ దావాలు కావు, మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ముందుకు వెళతాయి. 1988 మోటారు వాహనాల చట్టం 169వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ క్లుప్త విచారణ పద్ధతి పాటించవచ్చు. కానీ సాక్షుల్ని రప్పించడానికి, పత్రాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలన్నీ దానికీ ఉన్నాయి. కాబట్టి ట్రిబ్యునల్లో 15 రోజుల గడువుని గడియారం పెట్టుకుని చూడకపోవచ్చు. అలాగని జాబితా ఇవ్వకుండా కూర్చుంటే ఏమవుతుందో పైన చెప్పాను.

మొదటి మెట్టు: ప్రమాదం జరిగిన రోజు

బెంజ్ సర్కిల్ దగ్గరో రామవరప్పాడు రింగు దగ్గరో యాక్సిడెంట్ అయితే పదినిమిషాల్లో యాభైమంది చేరతారు, పావుగంటలో ఒక్కరూ ఉండరు. దెబ్బ తగిలినవాళ్ళ వెంట వెళ్ళినవాళ్ళకి ఆసుపత్రి టెన్షన్, రక్తం టెన్షన్. అయినా ఇంట్లోవాళ్ళలో ఒకరికి ఈ పని అప్పజెప్పండి: అదే రోజు, కుదరకపోతే మర్నాడు, ప్రమాదం జరిగిన చోటికి అదే వేళకి వెళ్ళాలి. ఉదయం ఏడింటికి జరిగితే ఉదయం ఏడింటికే వెళ్ళండి. ఆ వేళకి అక్కడ ఉండేవాళ్ళు రోజూ ఉండేవాళ్ళే: ఇడ్లీ బండి, పూల కొట్టు, స్టాండులో ఆటోలు, ఏటీఎం కాపలా మనిషి, బస్సు కోసం నిలబడే ఉద్యోగులు.

ఏం అడగాలి? పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆయన ఎక్కడ నిలబడి ఉన్నాడు. అంతే. "మా తరఫున సాక్ష్యం చెబుతారా" అని అప్పుడే అడగొద్దు. ఆ మాట వినగానే మనిషి వెనక్కి తగ్గుతాడు. పక్కన షాపుల కెమెరాలు ఉంటే అది కూడా ఆ రోజే అడగాలి, ఎందుకంటే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. ఫుటేజీ దొరికితే కాపీ ఇచ్చిన మనిషి కూడా ఒక సాక్షేనని గుర్తుపెట్టుకోండి. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఆ రికార్డింగుకి ధ్రువపత్రం కావాలి, దాని మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఎవరో అప్పుడే తెలిసి ఉండాలి.

సాయం చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ వాళ్ళకి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని పోలీసులు గానీ ఇంకెవరు గానీ బలవంతం చేయకూడదు. తమంతట తాము సాక్షిగా ఉంటామంటేనే వాళ్ళని విచారించాలి. కాబట్టి మీరు కూడా వాళ్ళని వెంటపడి వేధించొద్దు. కృతజ్ఞత చెప్పండి, నంబరు ఇస్తే తీసుకోండి. మీ నంబరు వాళ్ళకివ్వండి. రెండు వారాల తర్వాత వాళ్ళే ఫోన్ చేసిన సందర్భాలు నేను చూశాను.

రెండో మెట్టు: పోలీసు కాగితాలు

ఇక్కడే ఎక్కువ సాక్షులు తప్పిపోతారు. ఫిర్యాదు రాసేటప్పుడు కంగారులో "గుర్తు తెలియని లారీ గుద్దింది" అని రెండు లైన్లు రాసి ఇచ్చి వచ్చేస్తాం. ఎఫ్‌ఐఆర్ పురాణంలా ఉండాల్సిన పనిలేదు, నిజమే. కానీ "ఫలానా చోట ఉన్న ఫలానా వారు చూశారు" అనే ఒక్క వాక్యం ఉంటే ఆ కేసు నడిచే తీరే మారిపోతుంది. అప్పటికే ఎఫ్‌ఐఆర్ అయిపోయి ఉంటే, దర్యాప్తు అధికారికి సాక్షుల పేర్లతో ఒక కాగితం రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు. వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఆ తర్వాత పోలీసులు సాక్షుల వాంగ్మూలాలు రాసుకుంటారు. పాత క్రిమినల్ కోడ్‌లో ఇది 161 స్టేట్‌మెంటు. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద 180వ సెక్షన్. కోర్టుల్లో జనం ఇంకా "వన్ సిక్స్‌టీ వన్" అనే అంటున్నారు, మీరు కూడా అలా అన్నా అందరికీ అర్థమవుతుంది. ఆ వాంగ్మూలం కింద సాక్షి సంతకం ఉండదు. అందుకే రాసింది చదివి వినిపించమని సాక్షిని అడగమనండి. "లారీ" బదులు "వ్యాన్" అని పడితే రెండేళ్ళ తర్వాత క్రాస్‌లో, అంటే అవతలి లాయరు వేసే ఎదురు ప్రశ్నల్లో, అదే పెద్ద గొడవ.

చార్జిషీటు చివర సాక్షుల జాబితా ఉంటుంది. ఎల్.డబ్ల్యూ.1, ఎల్.డబ్ల్యూ.2 (లిస్టెడ్ విట్నెస్, అంటే జాబితాలోని సాక్షి) అని వరసగా. చార్జిషీటు దాఖలైన మెజిస్ట్రేటు కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి తెచ్చుకోండి. మీ సాక్షి అందులో ఎన్నో నంబరో చూసుకోండి. ఆ నంబరు ఆయన పుట్టు మచ్చ లాంటిది, రేపు ఎవరడిగినా చూపించవచ్చు.

2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసుల మీద ఇంకో బాధ్యత పడింది. ప్రమాదం గురించి తెలిసిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కి, బీమా కంపెనీకి పంపాలి. బాధితుడు నింపి ఇవ్వాల్సింది ఫారం-6, దానికి 60 రోజుల గడువు. సమగ్ర నివేదికతో పాటు సాక్షుల వాంగ్మూలాలు కూడా వెళతాయి. అంటే మీరు కేసు వేయకముందే మీ సాక్షి పేరు ట్రిబ్యునల్ ఫైల్లో ఉండే అవకాశం ఉందన్నమాట. మోటారు వాహనాల చట్టం 166(4) ప్రకారం ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహారం దరఖాస్తుగా తీసుకోవాలి కూడా. చట్టంలో ఉన్న ఇంత మంచి ఏర్పాటుని అడిగి చేయించుకునేవాళ్ళు తక్కువ. స్టేషన్‌కి వెళ్ళినప్పుడు "డి.ఏ.ఆర్. పంపించారాండీ" అని అడగండి, ఆ సమగ్ర నివేదికకి పోలీసుల పేరు అదే.

పేరు పోలీసు కాగితాల్లో లేకపోతే కేసు పోయినట్టేనా? కాదు. 2019లో సునీత వర్సెస్ రాజస్థాన్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. చార్జిషీటులోని సాక్షుల జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో ప్రత్యక్ష సాక్షి మాటను కొట్టేయకూడదు, పరిహారం కేసుల్లో క్రిమినల్ కేసు స్థాయి రుజువు అక్కర్లేదు అని. 2020లో అనితా శర్మ కేసులో, గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి చేర్చిన సాక్షి ఫిర్యాదు ఇవ్వలేదని, ఆసుపత్రి రికార్డులో ఆయన పేరు లేదని హైకోర్టు నమ్మకపోతే, సుప్రీంకోర్టు ఆ తీర్పుని తప్పుపట్టింది. ఈ రెండు తీర్పుల కాపీలు మీ లాయరు గారి దగ్గర ఉండేలా చూసుకోండి. కానీ తీర్పు చూపించి గట్టెక్కడం వేరు, అసలు ఆ ప్రశ్నే రాకుండా చేసుకోవడం వేరు.

మూడో మెట్టు: పిటిషన్

కేసు ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉంటున్న చోట గానీ, అవతలివాళ్ళు ఉంటున్న చోట గానీ వేయవచ్చు. తెనాలిలో కాపురం ఉండి హైదరాబాదు దారిలో దెబ్బ తగిలినవాళ్ళు ఇక్కడే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని అదే చట్టం 166(3) చెబుతుంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది కాబట్టి, దాటిపోయిందని కాగితాలు పారేయకుండా లాయర్ని కలవండి.

పిటిషన్లో సాక్షుల పేర్లు రాయాలా? రాయనక్కర్లేదు. అందులో జరిగిన సంగతులు రాయాలి, వాటి రుజువులు కాదు. కానీ ఒక చిన్న మెలకువ ఉంది. బైకు వెనక ఎవరైనా కూర్చుని ఉంటే, ఆటోలో ఇంకో ఇద్దరు ఉంటే, ఆ సంగతి కథనంలో రాయండి. "పిటిషనర్ తన బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని వెళుతుండగా" అనే ముక్క పిటిషన్లో లేకపోతే, బావమరిది వచ్చి సాక్ష్యం చెప్పిన రోజున ఆయన గాల్లోంచి వచ్చినట్టే ఉంటుంది.

నాలుగో మెట్టు: ఎవరెవరు కావాలో లెక్క వేసుకోవడం

ఇంతమంది సాక్షులు ఉండాలని చట్టం ఎక్కడా చెప్పదు. ఒక్కరి మాట నమ్మదగ్గదైతే చాలు. గాయాల కేసులో దెబ్బ తిన్న మనిషే మొదటి ప్రత్యక్ష సాక్షి, పి.డబ్ల్యూ.1 (పిటిషనర్ తరఫు ఒకటో సాక్షి) ఆయనే. మిగతావాళ్ళలో నా దృష్టిలో ఎక్కువ కష్టపెట్టేది డాక్టరు గారు, ఆయన గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

వైకల్యం 40 శాతం అని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది కదా, అది ఇస్తే చాలనుకుంటారు. చాలదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే: సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు గానీ వైద్యం చేసిన డాక్టరు గానీ వచ్చి క్రాస్‌కి నిలబడాలి. ఆ కాలు 40 శాతం పోయింది కాబట్టి సంపాదన కూడా 40 శాతం పోయినట్టు కాదు. గుమాస్తాకి కాలు పోవడం వేరు, హమాలీకి కాలు పోవడం వేరు. సంపాదన ఎంత పోయిందో తేల్చేది ట్రిబ్యునలే, కానీ వైకల్యం ఎంతో, ఎలాంటిదో చెప్పగలిగేది డాక్టరే, అందుకే జాబితాలో ఆయన పేరు తప్పనిసరి.

డాక్టర్లు కోర్టుకి రావడానికి ఇష్టపడరు, కారణం మనకీ తెలుసు: పొద్దున్న పదిన్నరకి వచ్చి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటే ఓపీ ఏమవుతుంది? ఆ తీర్పులోనే దీనికి దారులు చూపించారు. ఫలానా రోజు ఫలానా టైముకి అని ఖాయం చేసి ఆ టైముకే విచారించవచ్చు, కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే కమిషనర్ని పంపి ఆసుపత్రిలోనే రాయించవచ్చు. ఈ మాట దరఖాస్తులో రాసి అడిగితే డాక్టర్లు కాస్త మెత్తబడతారు. ముందుగా వెళ్ళి కలిసి, మీ కేసు షీటు (ఆసుపత్రిలో మీ వైద్యం రాసిన రికార్డు) నంబరు, ఆపరేషన్ తేదీ రాసిన చీటీ ఇచ్చి రండి. ఏడాదికి వేల ఆపరేషన్లు చేసే మనిషికి మీ కాలు గుర్తుండదు.

మిగతావాళ్ళు తేలిక. జీతం రుజువుకి యజమాని లేదా అకౌంట్స్ మనిషి, బిల్లులకి ఆసుపత్రి బిల్లింగ్ విభాగం, కేసు షీటుకి మెడికల్ రికార్డ్స్ విభాగం. బండి బ్రేకుల గురించి వివాదం ఉంటే తనిఖీ చేసిన మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు. ఆటోనగర్ మెకానిక్కు రిపేరు బిల్లు గురించి మాత్రమే చెప్పగలడు, ప్రమాదం ఎవరి తప్పో ఆయన చేత చెప్పించాలని చూడొద్దు.

ఐదో మెట్టు: జాబితా రాయడం

ఇది పెద్ద విద్యేమీ కాదు. కానీ హడావుడిగా రాస్తే తర్వాత బాధ. నేను రాసే తీరు ఇలా ఉంటుంది (ఎం.వి.ఓ.పి. అంటే ట్రిబ్యునల్లో వేసిన పరిహారం కేసు):

"ఎం.వి.ఓ.పి. నంబరు ఫలానా. పిటిషనర్ తరఫు సాక్షుల జాబితా.

1. పిటిషనర్. ప్రమాదం జరిగిన తీరు, గాయాలు, సంపాదన నష్టం గురించి.

2. ఫలానా, తండ్రి ఫలానా, వయసు, టీ కొట్టు నడుపుతారు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం. ప్రమాదాన్ని చూసిన సాక్షి, చార్జిషీటులో ఎల్.డబ్ల్యూ.4. సమన్లు అక్కర్లేదు, పిటిషనరే తీసుకొస్తారు.

3. డాక్టరు ఫలానా, ఫలానా ఆసుపత్రి ఎముకల విభాగం డాక్టరు. వైద్యం, వైకల్యం, దాని ప్రభావం గురించి. సమన్లు కావాలి, టైము ఖాయం చేయమని కోరుతున్నాము.

4. అదే ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగం బాధ్యులు. ఫలానా నంబరు కేసు షీటు, ఎక్స్‌రేలు తీసుకురావడానికి. సమన్లు కావాలి.

5. పిటిషనర్ పనిచేసే సంస్థ అకౌంట్స్ బాధ్యులు. జీతాల రిజిస్టరు తీసుకురావడానికి. సమన్లు కావాలి."

ఇందులో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎల్.డబ్ల్యూ. నంబరు నేను కావాలనే రాస్తాను, ఈ పేరు కొత్తది కాదని జాబితాలోనే తెలిసిపోవాలి. ప్రభుత్వ ఉద్యోగుల్ని, ఆసుపత్రి సిబ్బందిని పేరుతో కాకుండా హోదాతో రాయండి. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఉద్యోగి కేసు విచారణకి వచ్చేలోపు ఏ కర్నూలుకో బదిలీ అయిపోతారు, వ్యక్తి పేరుతో వెళ్ళిన సమన్లు తిరిగొస్తాయి. అయితే డాక్టరు సాక్ష్యానికి ఆ మనిషే కావాలి కాబట్టి అక్కడ మాత్రం పేరూ, హోదా రెండూ రాయాలి.

సాక్షి ఫోన్ నంబరు మాత్రం జాబితాలో రాయొద్దు. సమన్లకి కావాల్సింది చిరునామా, ఫోన్ కాదు. ఆ జాబితా కాపీ లారీ యజమాని చేతికీ వెళుతుంది. టీ కొట్టు ఆయనకి తెల్లారి ఎవరెవరో ఫోన్ చేసి "నీకెందుకు బాబాయ్ ఈ గోల" అనడం మనం కోరుకోం. నంబరు మీ లాయరు గారి డైరీలో ఉంటే చాలు. ఆధార్ కాపీ కూడా జతచేయక్కర్లేదు.

ఆరో మెట్టు: సమన్లు, బత్తా

జాబితా దాఖలైంది, సమన్ల దరఖాస్తు పెట్టారు. ఇక సాక్షి రాకపోకల ఖర్చు, బత్తా కోర్టులో కట్టాలి. కట్టకపోతే సమన్లు కదలవు. "బత్తా కట్టలేదు, వాయిదా" అనే మాట వినీవినీ చెవులు చిల్లులుపడ్డాయి, మీరు ఆ మాట పడకండి. కోర్టు సిబ్బంది ద్వారా కాకుండా మీరే చేతికి తీసుకుని వెళ్ళి ఇచ్చే వీలు కూడా ఉంది, 16వ ఆర్డరు 7ఏ నిబంధన. డాక్టరు గారికైతే నేను ఇదే మేలంటాను, ఇచ్చేటప్పుడు రెండు మాటలు మాట్లాడినట్టూ ఉంటుంది.

సాక్షి దూరంలో ఉంటే? వంద కిలోమీటర్లలోపు ఉంటే కోర్టు రమ్మనవచ్చు. దారిలో ఆరింట అయిదు వంతులు రైలో మరో ప్రజా రవాణాయో ఉంటే 500 కిలోమీటర్లలోపు ఉన్నవాళ్ళనీ రమ్మనవచ్చు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న సాక్షిని బెజవాడకి రప్పించుకోవచ్చన్నమాట. బెంగళూరు అయితే ఆ హద్దు దాటిపోతుంది. అప్పుడు విమానం ఛార్జీ కట్టి రప్పించాలి, లేదంటే కమిషన్ గానీ వీడియో ద్వారా విచారణ గానీ అడగాలి.

ఏడో మెట్టు: అవతలివాళ్ళ సాక్షులెవరో తెలుసుకోవడం

"మీ సాక్షులు ఎవరో చెప్పండి" అని ప్రశ్నావళి పంపిస్తామంటారు కొందరు. 11వ ఆర్డరు కింద కోర్టు అనుమతితో అవతలివాళ్ళకి రాతపూర్వక ప్రశ్నలు వేయవచ్చు, కానీ వాళ్ళు పిలవబోయే సాక్షుల పేర్లు రాబట్టడానికి దాన్ని వాడనివ్వరు. పేరే కేసులో కీలకమైన సంగతైతే మాత్రం అడగవచ్చు. ఉదాహరణకి, "ఆ రోజు రాత్రి లారీ నడిపింది ఎవరు?" డ్రైవరు పేరు పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత యజమాని మీద మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద ఎలాగూ ఉంది. డ్రైవరుని మార్చి చూపించారని అనుమానం ఉన్న కేసుల్లో ఈ ప్రశ్న బంగారం.

మిగతాది ఓపిక పని. ఫైలు చూడటానికి దరఖాస్తు పెట్టి వాళ్ళ కౌంటరు (మీ పిటిషన్‌కి వాళ్ళిచ్చిన రాతపూర్వక జవాబు), జాబితా, పత్రాలు చూడండి. బీమా కంపెనీ తరఫున మామూలుగా వచ్చేది వాళ్ళ ఆఫీసరు, పాలసీ కాపీతో. లైసెన్సు మీద గొడవ ఉంటే ఆర్టీఏ ఆఫీసు ఉద్యోగి. వాళ్ళు దర్యాప్తుకి పెట్టుకున్న ఇన్వెస్టిగేటరు ఒకాయన ఉంటాడు, ఆయన మీ వీధికి వచ్చి పక్కింటివాళ్ళతో మాట్లాడి వెళ్ళి ఉంటాడు. కౌంటరులో కొత్త కథ కనిపిస్తే ఆ కథ ఎవరు చెప్పారో ఊహించడం పెద్ద కష్టం కాదు. అవతలి సాక్షి ఇంటికి మాత్రం వెళ్ళకండి. నచ్చచెప్పడానికే వెళ్ళినా బెదిరించారనే వస్తుంది.

పేరు మరిచిపోతే

రెండు దారులున్నాయి. ఆ సాక్షికి సమన్లు కావాలంటే, ముందు ఎందుకు రాయలేదో సరైన కారణం చూపిస్తూ 16వ ఆర్డరు 1(3) నిబంధన కింద ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయాలి. "పొరపాటున మరిచిపోయాం" అన్నది బలహీనమైన కారణం. "సాక్షి దుబాయి వెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చాడు, పాస్‌పోర్టు కాపీ ఇదిగో" అన్నది బలమైన కారణం.

సమన్లు అక్కర్లేకుండా మీరే తీసుకురాగలిగితే 1ఏ నిబంధన ఉంది. జాబితాలో లేకపోయినా సాక్షిని వెంటబెట్టుకుని వచ్చి చెప్పించవచ్చని 1983లో మాంగేరామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది విని కొంతమంది లాయర్లు జాబితా ఎందుకు, దాచిపెట్టుకుని చివర్లో తీసుకొద్దాం, అవతలివాళ్ళు తయారవ్వకముందే పట్టేద్దాం అంటారు. నాకు ఈ ఎత్తుగడ నచ్చదు, నీతి కోసమని కాదు. ఇప్పుడు చీఫ్ ఎగ్జామినేషన్ (మన సాక్షి మొదట మన తరఫున చెప్పే సాక్ష్యం) 18వ ఆర్డరు 4వ నిబంధన కింద అఫిడవిట్‌గానే ఇవ్వాలి, కాపీ అవతలివాళ్ళకి ఇవ్వాలి. వాళ్ళు క్రాస్‌కి టైము అడిగితే వాయిదా దొరుకుతుంది. అంటే ఆశ్చర్యపరిచి లాభపడేదేమీ లేదు, కొత్త మొహం అన్న మచ్చ మాత్రం మిగులుతుంది.

ఎనిమిదో మెట్టు: అఫిడవిట్, క్రాస్

అఫిడవిట్ సాక్షి మాటల్లో ఉండాలి. టీ కొట్టు మనిషి "నిర్లక్ష్యంగా, దుడుకుగా, మితిమీరిన వేగంతో" అని సంతకం పెడితే, క్రాస్‌లో "మితిమీరిన అంటే ఏమిటండీ" అన్న ఒక్క ప్రశ్నకే పడిపోతాడు. "లారీ రాంగు సైడులో వచ్చింది, హారన్ కొట్టలేదు" చాలు. సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించండి, వినిపించినట్టు కింద రాయించండి.

సాక్షికి ఏం చెప్పాలో నేర్పించొద్దు. ఏ ప్రశ్నలు వస్తాయో చెప్పడంలో మాత్రం తప్పులేదు. పిటిషనర్ చుట్టమైతే చుట్టమనే చెప్పమనండి, దాచితేనే ప్రమాదం. గుర్తులేకపోతే గుర్తులేదనమనండి. కోర్టుకి రాను పోను ఖర్చు మీరు పెట్టుకుంటే ఆ మాట కూడా అడిగినప్పుడు నిజమే చెప్పమనండి, ప్రయాణ ఖర్చు ఇవ్వడం నేరం కాదు. అంతకు మించి ఒక్క రూపాయి ఇచ్చినా సాక్ష్యం కొన్నట్టే.

వాయిదా రోజుకి రెండు రోజుల ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) కొట్టి కేసు ఆ రోజు ఉందో లేదో చూసుకోండి. జడ్జిగారు సెలవులో ఉన్న రోజున టీ కొట్టు మూసుకుని వచ్చిన మనిషి రెండోసారి రాడు.

ఫీజుకి ఇబ్బంది ఉన్నవాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి లాయర్ని ఉచితంగా పెడతారు.

చివరిగా ఒక కాగితం

జాబితాలో ఆరుగురిని రాసి ముగ్గురినే విచారించారనుకోండి. మిగతా ముగ్గురు ఎందుకు రాలేదని అవతలి లాయరు వాదనల్లో తప్పకుండా అంటాడు. వస్తే మీకు వ్యతిరేకంగా చెబుతారని దాచారంటాడు. చట్టంలో ఆ అనుమానానికి చోటు ఉంది, సాక్ష్య అధినియమం 119వ సెక్షన్. అందుకే మొదటే లెక్కచూసుకుని తక్కువమందిని రాయండి. రాశాక అవసరం తీరినవాళ్ళ విషయంలో, "నాలుగో సాక్షి తేవాల్సిన కేసు షీటు మూడో సాక్షి ద్వారానే ఎక్స్-1 నంబరు పత్రంగా గుర్తించబడింది కాబట్టి నాలుగో సాక్షిని వదులుకుంటున్నాము" అని కారణంతో సహా మెమో దాఖలు చేసి, ఆ తర్వాతే మీ వైపు సాక్ష్యం ముగిసిందని చెప్పించండి. మెమో మీద కోర్టు వేసిన తేదీ ముద్రతో ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.